నూనె నిండుకున్న రాత్రి

1536-37లో ఇటలీలోని ట్యూరిన్ ప్రాంతంలో ఫ్రెంచి సైన్యం యుద్ధం చేస్తోంది. ఆ సైన్యం వెంట అంబ్రాజ్ పారే అనే యువ శస్త్రవైద్యుడున్నాడు. పారిస్‌లోని ఒటెల్ ద్యూ ఆసుపత్రిలో పనిచేసిన అనుభవం ఉందిగాని, తుపాకి గాయాలకు వైద్యం చేయడం ఆయనకదే మొదలు.

ఆ రోజుల్లో తుపాకి దెబ్బ తిన్నవారికి చేసే చికిత్స వింటే మనకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. మందుగుండు వల్ల గాయంలోకి విషం చేరుతుందని ఇటలీ వైద్యుడు జొవాన్నీ ద విగో తన గ్రంథంలో రాశాడు. ఆ విషం విరగాలంటే సలసల కాగే నూనె గాయంలో పోయాలన్నాడు. పెద్దల మాట కనుక పారే కూడా అలాగే చేశాడు.

క్షతగాత్రులు ఎక్కువ కావడంతో ఒకనాడు నూనె నిండుకుంది. చేసేది లేక కోడిగుడ్డు పచ్చసొన, గులాబీ తైలం, టర్పెంటైన్ కలిపి మిగిలినవారి గాయాలకు పట్టించాడు. ఆ రాత్రి ఆయనకు కంటిమీద కునుకు లేదు. నూనె పోయనివారు విషమెక్కి చనిపోతారేమోనని భయం. పొద్దు పొడవకముందే లేచి వెళ్లి చూశాడు. లేపనం రాసినవారికి నొప్పి తక్కువ; గాయాలు వాచలేదు; రాత్రి కాస్త నిద్ర కూడా పోయారు. నూనె పోసినవారు జ్వరంతో, వాపుతో బాధపడుతున్నారు. ఇకమీదట ఎవరినీ ఇలా కాల్చకూడదని ఆయన నిశ్చయించుకున్నాడు.

ఇందులో విశేషమేమిటి? ఒకే యుద్ధం, ఒకే రకం గాయాలు, ఒకే వైద్యుడు. తేడా అల్లా మందులోనే. అనుకోకుండా జరిగినా ఇది చక్కని పరీక్షే. ఈనాడు కొత్త మందును పరీక్షించేటప్పుడు రోగులను రెండు జట్లుగా చేసి పోల్చడంలో ఉన్న సూత్రమూ ఇదే. అసలు కారణం పారేకు తెలియదు. గాయాలు చీము పట్టడానికి సూక్ష్మజీవులు కారణమని తేలింది 19వ శతాబ్దంలో. కాగే నూనె కండను చంపుతుంది. చచ్చిన కండ సూక్ష్మజీవులకు మేత అవుతుంది.

ఆనాటి వైద్య పండితుల భాష లాటిన్. గాయాలు కోసి కట్టే పని మాత్రం లాటిన్ రాని క్షురక శస్త్రవైద్యులది. వాళ్లు క్షవరం చేస్తూనే కత్తివైద్యమూ చేసేవారు. పారే ఆ వర్గంవాడే. అందుకే 1545లో తన అనుభవాలను ఫ్రెంచిలోనే అచ్చువేశాడు. 1543లో వెలువడిన వెసేలియస్ శరీర నిర్మాణ శాస్త్ర విషయాలను కూడా 1561లో ఫ్రెంచిలో అందించాడు. 1575లో ఆయన సమగ్ర రచనలు వెలువడినప్పుడు పారిస్ వైద్య విద్యాపీఠం అభ్యంతరం చెప్పింది.

కాలో చెయ్యో తీసేసినప్పుడు రక్తం ఆపడానికి అప్పట్లో ఎర్రగా కాల్చిన ఇనుముతో వాతలు పెట్టేవారు. పారే ప్రాచీనులెరిగిన పద్ధతినే మళ్లీ పట్టుకుని, తెగిన రక్తనాళాలను దారంతో ముడివేశాడు. అయితే ముడులు వేయడానికి సమయం, సహాయకులు కావాలి. దారాల వెంట చీమూ పట్టేది. కనుక వాతలు ఒక్కసారిగా పోలేదు. మత్తుమందు (1846), లిస్టర్ క్రిమినాశక పద్ధతి (1867) వచ్చాకే శస్త్రచికిత్స భయం తగ్గింది.

ట్యూరిన్‌లో ఆనాడు నూనె సరిపోయి ఉంటే, బతికినవారంతా నూనె వల్లే బతికారని అందరూ అనుకునేవారు. ఈసారి ఫలానా మందుతో నయమైందని ఎవరైనా మీతో చెబితే, అది వాడనివారికి ఏమైందో కూడా అడగండి.