చదరంగపు గింజల సంఖ్య: పద్యపాఠ నిర్ధారణలో 17 పాత్ర

చదరంగపు బల్లపై మొదటి గడిలో ఒక గింజ, ఆపై ప్రతి గడిలో ముందు గడికి రెట్టింపు గింజలు ఉంచితే 64 గళ్లకు వచ్చే మొత్తం, 64 రెండ్ల లబ్ధం కంటే ఒకటి తక్కువ. అది 1,84,46,74,40,73,70,95,51,615. ఈ ఇరవై అంకెలను తెలుగువారు ‘శర శశి’ అనే ఎత్తుగడ గల ఒక చాటుపద్యంలో భూతసంఖ్యలుగా భద్రపరచుకున్నారు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు చేసిన నాటి నుండి గణితాన్ని పద్యంలో చెప్పడం మన భాషకు పరిచితమే.

సంఖ్య పరిమాణాన్ని నల్లగొండ జిల్లాలోని నాగార్జునసాగర్‌తో పోల్చి గ్రహించవచ్చు. వెయ్యి వడ్లగింజల బరువు 20 గ్రాములనీ, ఘనపు మీటరుకు 575 కిలోల ధాన్యం పడుతుందనీ అనుకుంటే, ఈ గింజలు దాదాపు 37 వేల కోట్ల టన్నులు. జలాశయపు తొలి సామర్థ్యమైన 408 టీఎంసీలను ప్రమాణంగా తీసుకున్నా, అటువంటివి యాభైకి పైగా కావలసి వస్తాయి.

పద్యంలో అంకెలు కుడి నుండి ఎడమకు నడుస్తాయి. కనుక మొదటి పదమైన ‘శర’ ఒకట్ల స్థానంలోని 5. మన్మథుని బాణాలు అయిదు కదా. వియత్తు 0, రంధ్రం 9, కుంజరం 8. చిక్కు ‘అబ్ధి’, ‘పయోనిధి’ అనే పదాల వద్ద వస్తుంది. ఇక్కడ సముద్రాలు నాలుగు. సప్తసముద్రాలకు అలవాటుపడిన పాఠకుడు 7 అని చదివే ప్రమాదం ఉంది.

ఆ పొరపాటును 3తో పరీక్షించి పట్టుకోలేము. సరైన సంఖ్యలో అంకెల మొత్తం 87. రెండు చోట్లా 4కు బదులు 7 వేస్తే 93. రెండూ 3 చేత భాగింపబడేవే. ఇక్కడ 17 అక్కరకు వస్తుంది. నాలుగు రెండ్ల లబ్ధం 16, అంటే 17 కంటే ఒకటి తక్కువ; అందువల్ల ఎనిమిది రెండ్ల లబ్ధాన్ని 17తో భాగిస్తే శేషం 1. 64లో ఎనిమిదులు ఎనిమిది కాబట్టి గింజల సంఖ్య 17తో నిశ్శేషంగా భాగింపబడుతుంది, భాగఫలం 1085102592571150095. తప్పుగా చదివిన సంఖ్యకైతే శేషం 8 మిగులుతుంది.

ఏ ఒక్క అంకె మారినా, పక్కపక్కనున్న రెండు వేర్వేరు అంకెలు తారుమారైనా ఈ పరీక్ష తప్పక పట్టిస్తుంది. మొదటి సందర్భంలో తేడా ఒక అంకెకు, రెండవ దానిలో ఒక అంకెకు తొమ్మిది రెట్లకు, పది ఘాతాన్ని గుణించగా వచ్చేది. వీటిలో 17 కారణాంకంగా ఉండదు. అంతకు మించిన తప్పులు అరుదుగా తప్పించుకోవచ్చు. అప్పుడు మిగిలిన ప్రధాన కారణాంకాలున్నాయి: 3, 5, 257, 641, 65537, 6700417. వీటిలో 641, 6700417ల లబ్ధం 4294967297. దీనిని ఫెర్మా ప్రధాన సంఖ్యగా భావించగా, కాదని 1732లో ఆయిలర్ చూపాడు. బల్ల మొదటి సగంలోని 4294967295 గింజలను ఇదే సంఖ్యతో గుణిస్తే మొత్తం గింజలు వస్తాయి.