శంషాబాద్ డాక్టరమ్మ, నంద్యాల బిషపమ్మ: మీకు తెలుసా?

శంషాబాద్ అంటే ఇప్పుడు అందరికీ ఎయిర్‌పోర్టే. 2008లో విమానాలు దిగడానికి ఎన్నో దశాబ్దాల ముందే అక్కడ మెన్నొనైట్ బ్రెదరెన్ మిషన్ వాళ్ల ఆసుపత్రి ఒకటి నడిచేదని తెలుసా? దాన్ని నడిపింది డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్. 1870లో రష్యాలో పుట్టి, అమెరికాలోని కాన్సస్‌లో పెరిగి, డాక్టరు చదువు పూర్తిచేసి 1907లో నిజాం రాజ్యానికి వచ్చారు. ఆ సంఘం విదేశానికి పంపిన తొలి డాక్టరు ఆవిడే. పరదా చాటున ఉండే ఇల్లాలి నాడి చూడటానికి మగ డాక్టరును గడప దాటనివ్వని రోజులవి. పెళ్లి చేసుకోలేదు. 1945లో శంషాబాద్‌లోనే కన్నుమూశారు.

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. ఆవిడ పోయిన పన్నెండేళ్లకు, 1957లో, ఉత్తర అమెరికాలోని అదే సంఘం ఇకమీదట మిషనరీ స్త్రీలకు ఆర్డినేషన్ ఇవ్వకూడదని తీర్మానించింది. స్త్రీలను పంపడం మాత్రం మానలేదు! చాకిరీకి అడ్డురాని బైబిలు వాక్యం హోదా దగ్గరే ఎందుకు అడ్డొచ్చిందో నాకైతే అర్థం కాదు. కెనడాలోని సంఘం మాత్రం, స్త్రీలకు సంఘ నాయకత్వం ఇవ్వాలా వద్దా అన్నదాన్ని 2006లో ఏ ఊరి సంఘానికి ఆ సంఘానికే వదిలేసింది. 

ఒంగోలులో ప్రార్థన కొండ తెలియని బాప్టిస్టు ఉండరు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ కొండెక్కి ప్రార్థించింది ఐదుగురు: మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, నర్సు అనే పేరుగల ఆయన, జూలియా, రూతు. అంటే ఐదుగురిలో ముగ్గురు ఆడవాళ్లే. కథ చెప్పేటప్పుడు మాత్రం ముందు దొరగారి పేరే వస్తుంది.

ఆదివారం మందిరంలో అడుగుపెట్టగానే మన ఆడవాళ్ల చెయ్యి దానంతటదే కొంగును తలమీదికి లాగుతుంది. దానికి ఆధారం కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక, 11వ అధ్యాయం. అక్కడ పౌలు ఎవరి గురించి మాట్లాడుతున్నాడో ఎప్పుడైనా గమనించారా? ప్రార్థన చేసే, ప్రవచించే స్త్రీ గురించి. అంటే ఆ సంఘంలో స్త్రీలు నలుగురిలో నోరు విప్పేవారన్నమాట. మూడు అధ్యాయాలు దాటాక, 14లో, స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలన్న మాట వస్తుంది. ఈ రెంటినీ ఎలా కలపాలన్నది పండితులు ఇంకా తేల్చుకోలేదు. మన దగ్గర మాత్రం తేలిపోయింది: కొంగూ ఉంచారు, మౌనమూ ఉంచారు, మధ్యలో ప్రవచనం ఎటో పోయింది. అక్కయ్య లేచి పది నిమిషాలు మాట్లాడితే సాక్ష్యం, అయ్యగారు మాట్లాడితే ప్రసంగం. ఇక స్త్రీల సమాజంలో గంటసేపు వాక్యం చెప్పినా అది లెక్కలోకి రాదు.

రోమీయులకు పౌలు రాసిన పత్రిక చివరి అధ్యాయం పేర్ల జాబితాలా ఉంటుందని చాలామంది దాటేస్తారు. అందులో మొదటి పేరు ఫీబే, ఒక స్త్రీ. ఆ పత్రికను రోముకు చేరవేసింది ఆమేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

కతోలికుల సంగతి వేరు. మెల్‌బోర్న్‌లో డాక్టరుగా పనిచేసిన మేరీ గ్లోరీ 1920లో గుంటూరు వచ్చి సన్యాసినుల మఠంలో చేరారు. సన్యాసినులు వైద్యం చేయడం అప్పటి చర్చి చట్టానికి విరుద్ధం. ఆమె కోసం ఏకంగా పోపు దగ్గర ప్రత్యేక అనుమతి తేవాల్సి వచ్చింది. ఆ అడ్డు అందరికీ తొలగింది 1936లో.

2017లో, కతోలికుల్లోనే మరో శాఖ అయిన సిరో మలబార్ చర్చికి శంషాబాద్ పేరుతో ఒక మేత్రాసనం ఏర్పడింది. ఆ చర్చి బిడ్డే, భారతదేశపు తొలి మహిళా పునీతురాలు అల్ఫోన్సమ్మ. పవిత్ర గురువారం నాడు స్త్రీల పాదాలు కూడా కడగవచ్చని పోప్ ఫ్రాన్సిస్ 2016లో లాటిన్ రీతి వాళ్లకు దారి తెరిచారు. సిరో మలబార్ చర్చి మాత్రం మరుసటి ఏడాది, మగవాళ్ల పాదాలే కడగాలని చెప్పింది. ఇక స్త్రీలకు గురుపట్టం కతోలికుల్లో ఏ రీతిలోనూ లేదు.

ఇంగ్లండు చర్చికి తొలి మహిళా బిషప్పు వచ్చింది 2015 జనవరిలో. అంతకు ఏడాదికి పైగా ముందే, 2013 సెప్టెంబరులో, మన నంద్యాలలో ఎగ్గోని పుష్పలలిత దక్షిణ ఇండియా సంఘానికి (సీఎస్ఐ) తొలి మహిళా బిషప్పు అయ్యారు. ఆ నంద్యాలకు సువార్త తెచ్చింది ఆ ఇంగ్లండు చర్చి (ఆంగ్లికన్) మిషనరీలే!

కోర్టు గడప తొక్కితే ఇంకో కథ. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా పోయిన క్రైస్తవుడి ఆస్తిలో భార్యకు మూడో వంతు పోగా, మిగిలింది కొడుకులకూ కూతుళ్లకూ సమానం. క్రైస్తవుల విడాకుల చట్టం మాత్రం 1869 నుంచి 2001 దాకా మొగుడికో న్యాయం, పెళ్లానికో న్యాయం నడిపింది. భార్య వ్యభిచరించిందని రుజువైతే భర్తకు సరిపోయేది. భార్య విడిపోవాలంటే మాత్రం సాధారణంగా భర్త వ్యభిచారంతోపాటు అతని క్రూరత్వమో, వదిలేసి పోవడమో, అలాంటిదే ఇంకొకటో కూడా రుజువు చేయాల్సి వచ్చేది.

ఆఖరుగా ఒక్కటి. పెళ్లి ప్రసంగంలో ఎఫెసీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయం 22వ వచనం, భార్య భర్తకు లోబడాలన్న మాట, తప్పకుండా వినపడుతుంది. దాని పైనే 21వ వచనం ఉంది. ఒకరికొకరు లోబడి ఉండమని అది అందరికీ చెబుతుంది. ఈసారి మీ ఇంట్లో పెళ్లి కుదిరితే, ఆ ఒక్క వచనం ముందు నుంచి చదవమని అయ్యగారిని అడగండి.