పోలీసు ఉద్యోగి నడవడియు, జీతపు పెంపును

పోలీసు కానిస్టేబులు మన యూరికి వచ్చినపుడు వాని టోపీని, లాఠీని ఎల్లవారును చూతురు. వాని సర్వీసు పుస్తకమును చూచినవారు మనలో మిక్కిలి అరుదు. ఆ పుస్తకమున వ్రాయబడు ఒక్క వాక్యము వాని జీతపు పెంపును నిలుపవచ్చును. ఒక్కొకప్పుడు వాని వృద్ధాప్యమందలి పింఛనును సైతము తగ్గింపవచ్చును. ఆ వాక్యమునకు మూలము పలుమాఱు మన మిచ్చిన అర్జీయో, విచారణలో మనము పలికిన సాక్ష్యమో అయి యుండును. మన మాట ఎంత దూరము పోవునో తెలిసి పలుకుట మంచిది గనుక, ఈ విషయమును నేడు వివరింపదలచితిని.

ఉద్యోగి నడవడికిని జీతమునకును ముడివేయుట నిన్న మొన్నటి మాట కాదు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున భృత్యుల జీతములకు ఒక అధ్యాయమును, నియుక్తుల నడవడిని పరీక్షించుటకు వేఱొక అధ్యాయమును కేటాయించెను. రాజధనము నపహరింపక న్యాయముగా వృద్ధిచేయువారిని ఉద్యోగమున స్థిరముగా నిలుపవలెనని అందు చెప్పెను. ఆంగ్లేయ ప్రభుత్వమువారి 1861వ సంవత్సరపు పోలీసు శాసనము 7వ సెక్షనులో, తప్పుచేసిన క్రిందితరగతి యుద్యోగులకు విధింపదగిన శిక్షలలో సత్ప్రవర్తన వేతనమును తీసివేయుట యొకటి. అనగా మంచి నడవడికి జీతముపై కొంత చేర్చి యిచ్చుటయు, నడవడి చెడినచో దానిని తిరిగి తీసికొనుటయు ఆ శాసన మెఱిగిన పద్ధతియే. మన కృష్ణామండలము ఆ కాలమున చెన్నరాజధానిలో నుండుటచే, ఇచ్చటి పోలీసులకు 1859వ సంవత్సరపు 24వ శాసనము ప్రత్యేకముగా నుండెను.

నేడు ఈ ముడి ముఖ్యముగా ఏటేట వచ్చు ఇంక్రిమెంటునందు కానవచ్చును. 1922వ సంవత్సరము జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన ఫండమెంటల్ రూల్సులో 24వ నిబంధన దీనిని చక్కగా చెప్పుచున్నది. ఇంక్రిమెంటు సాధారణముగా ఇయ్యవలసినదే. అయితే నడవడి మంచిది కానపుడు గాని, పని తృప్తికరముగా లేనపుడు గాని దానిని నిలుపవచ్చును. నిలుపునట్టి అధికారి, ఎంతకాలము నిలిపినది, ముందు రాబోవు ఇంక్రిమెంట్లు కూడ దానివలన వెనుకబడునా లేదా యనునది స్పష్టముగా వ్రాయవలెను. ఈ కడపటి మాటలోనే సర్వస్వము ఉన్నది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగుల క్రమశిక్షణకు 1991వ సంవత్సరపు నిబంధనలు కలవు. అందు శిక్షలు చిన్నవి, పెద్దవి యని రెండు తెగలు. సెన్షూరు అనబడు మందలింపు, ప్రభుత్వమునకు కలిగించిన నష్టమును జీతమునుండి రాబట్టుట, భావిపై ప్రభావము లేకుండ ఇంక్రిమెంటు నిలుపుట మొదలగునవి చిన్నవి. భావి ఇంక్రిమెంట్లపై ప్రభావము ఉండునట్లు నిలుపుట, హోదా తగ్గించుట, ఉద్యోగమునుండి తొలగించుట, డిస్మిస్ చేయుట మొదలగునవి పెద్దవి.

ఇంక్రిమెంటు నిలుపుటలోని రెండు విధములకు భేద మేమి? మనకు తెలిసిన కాలువ భాషలో చెప్పెదను. మొదటిది, ఒక రైతుకు ఒక వంతు నీరు ఆపి, మఱుసటి వంతున మామూలుగా విడుచుట వంటిది. రెండవది, వాని తూమునే శాశ్వతముగా చిన్నదిగా కట్టివేయుట వంటిది. లెక్కకొఱకు ఇంక్రిమెంటు నెలకు 600 రూపాయలనుకొందము. ఒక యేడాది ప్రభావము లేకుండ నిలిపినచో పోవునది 7,200 రూపాయలు. పిమ్మట జీతము పూర్వపు వరుసకు వచ్చును. ప్రభావముతో నిలిపినచో, ఇంకను 20 ఏండ్లు కొలువు గలవానికి పోవునది 1,44,000 రూపాయలు. దానిపై రావలసిన కరవుభత్యము వేఱు, కడపటి జీతమును బట్టి కట్టెడు పింఛనులోని తగ్గుదల వేఱు.

నాయొద్ద చదివి పోలీసులో చేరిన యొకడు ఒకనాడు తనకు వచ్చిన ఉత్తరువును చూపి, “మాస్టారుగారూ, ఒక యేడాది ఇంక్రిమెంటే గదండీ, పోతే పోయింది” అనెను. నేను కాగితమును తుదివఱకు చదివితిని. చివరి పంక్తిలో భావి ఇంక్రిమెంట్లపైనను పింఛనుపైనను ప్రభావము ఉండునని వ్రాసి యున్నది. ఇంకెన్ని యేండ్లు కొలువున్నదో వ్రేళ్లపై లెక్కపెట్టుమంటిని. వాడు పదికి వచ్చునప్పటికి లెక్క మాని, గడువులోపల అప్పీలు వ్రాసికొనుటకు లేచెను.

ఇంత బరువైన శిక్ష గనుకనే దానికి కట్టుబాట్లును కలవు. చిన్న శిక్షకైనను ఆరోపణను వ్రాతమూలముగా తెలిపి సమాధానము చెప్పుకొననీయవలెను. పెద్ద శిక్షకు సాక్షులను విచారించి, వారిని ప్రశ్నించు అవకాశము ఆ యుద్యోగికి ఈయవలెను. ప్రభావముతో ఇంక్రిమెంటు నిలుపుట పెద్ద శిక్షయే యనియు, విచారణ లేక దానిని విధింపరాదనియు పంజాబునుండి వచ్చిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు 1990లో తేల్చెను. జానకీరామన్ వ్యాజ్యములో 1991లో మఱియొక న్యాయము చెప్పెను: ప్రాథమిక విచారణ జరుగుచున్నదన్న మాత్రమున పదోన్నతి నాపరాదు, అభియోగపత్ర మిచ్చిన పిమ్మటనే నిర్ణయమును మూసిన కవరులో నుంచవలెను, నిర్దోషి యని తేలినచో కవరు విప్పి న్యాయము చేయవలెను. ఉద్యోగి పనిని గూర్చి ఏటేట వ్రాయు అభిప్రాయమును అతనికి తెలుపవలెనని 2008లో దేవదత్ వ్యాజ్యమున అదే న్యాయస్థానము చెప్పెను. తెలియని మచ్చను ఎవడును కడుగుకొనలేడు గదా!

సర్వీసు పుస్తకమున మచ్చలే కాదు, మెప్పులును ఎక్కును. మంచి పనికి గుడ్ సర్వీసు ఎంట్రీయు, నగదు రివార్డును ఇత్తురు. ఉగాదికి రాష్ట్రప్రభుత్వమువారు సేవాపతకము, ఉత్తమసేవాపతకము మొదలగువానిని ప్రకటింతురు. ఇట్టి గౌరవములకు పేరు పంపునపుడు నడవడి చిట్టాను తిరుగవేయుదురు. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరములనాడు ఘట్టములలో జనమును కాచినవారిని, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినపుడు నీటిలో నిలిచి పనిచేసినవారిని మనము చూచితిమి. వారిని నోట మెచ్చుకొంటిమి. కాగితముపై మెచ్చుకొన్నవా రెందఱు?

ఇక మన కర్తవ్యము. పోలీసువాడు లంచ మడిగినను, నిష్కారణముగా కొట్టినను అర్జీ వ్రాయుటకు వెనుదీయవలదు. అయితే తేదీ, స్థలము, కన్నులార చూచినది మాత్రమే వ్రాయుడు. విన్నదానిని విన్నట్లే వ్రాయుడు. పార్టీకక్షతో ఒకటిని పదిచేసి వ్రాసినచో ఒక యింటి బియ్యములో మనము చేయిపెట్టినవార మగుదుము. మఱియొక దోషము ఇంకను తఱచైనది. ఆవేశమున అర్జీ పెట్టి, విచారణ దినమున రచ్చబండయొద్ద రాజీపడి, “నాకేమియు తెలియ”దని చెప్పుట. అప్పుడు తప్పుచేసినవాని పుస్తకము తెల్లగానే యుండును. వాడు నిజాయితీపరునితో సమానముగా ఇంక్రిమెంటును పొందును. వానిచేత దెబ్బతిన్న బీదవాని మాట అబద్ధముగా మిగులును. సాక్ష్యము చెప్పెదమని ఒప్పుకొన్నవారు తుదివఱకు నిలువవలెను.

అట్లే ఒక కానిస్టేబులు రాత్రివేళ మన పశువును దొంగనుండి విడిపించినను, తప్పిపోయిన బిడ్డను ఇల్లు చేర్చినను, పంచాయతీ తరఫున పై యధికారికి నాలుగు పంక్తులు వ్రాసి పంపుడు. పైయధికారి మన యూరిలో నుండడు. మంచియైనను చెడ్డయైనను చూచినవారము మనము. ఆ పుస్తకములోని వ్రాత సత్యమగుట, చూచినవారు చూచినట్లు చెప్పుటపై ఆధారపడి యున్నది.