కాల్సైట్ జంటపట్టీలు – ప్రాచీన పర్వతనిర్మాణ ప్రతిబలాలు: ఖమ్మం–భద్రాచలం ప్రాంత శిలల నేపథ్యం

1. ప్రవేశిక

ఖమ్మం నుంచి ఇల్లెందు, కొత్తగూడెం మీదుగా భద్రాచలం అడవుల వైపు సాగే నేల బొగ్గుకు ప్రసిద్ధి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లెందు సమీపాన బొగ్గును గుర్తించారు. 1881లో ప్రాణహిత–గోదావరి లోయపై ఆయన గ్రంథం వెలువడింది. ఆ బొగ్గు పొరల కంటే ఎంతో ప్రాచీనమైనవి, వాటి అంచున ఉన్న పాఖాల్ శిలలు. వీటిలోని సున్నపురాళ్లు తాము పొందిన ఒత్తిడిని కాల్సైట్ స్ఫటికాలలో భద్రపరచగలవు. ఆ ఆధారాన్ని చదివే పద్ధతినీ, దాని పరిమితులనూ వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. జంటపట్టీలు ఏర్పడే తీరు

కాల్సైట్ స్ఫటికంలో మూడు నిర్దిష్ట తలాలు ఉంటాయి. వాటిలో ఒకదానిపై, నిర్ణీత దిశలో, పొరను పొరపై జరిపే ప్రతిబలం సుమారు 10 మెగాపాస్కళ్లకు చేరితే స్ఫటికంలో కొంత భాగం ప్రతిబింబంలా తిరుగుతుంది. సూక్ష్మదర్శినిలో అది సమాంతర పట్టీలుగా కనిపిస్తుంది. సంపీడన అక్షం ఆ తలానికి 45 డిగ్రీల కోణంలో ఉన్నప్పుడు పట్టీ ఏర్పడటం అత్యంత సులభం. ఈ సూత్రంపైనే ఎఫ్. జె. టర్నర్ 1953లో తన విశ్లేషణ పద్ధతిని ప్రతిపాదించారు. ఎన్నో స్ఫటికాలలోని పట్టీలను కొలిచి, అన్నింటికీ పొసగే సంపీడన దిశను రాబట్టడం దీని సారం. పట్టీ ఏర్పడని తలాలు కూడా సాక్ష్యమే. అక్కడ ప్రతిబలం ఆ హద్దును చేరలేదని అవి తెలుపుతాయి.

పట్టీల మందం ఉష్ణోగ్రతను సూచిస్తుంది. సుమారు 170 డిగ్రీల సెల్సియస్‌కు లోపల సన్నని పట్టీలు, 200 డిగ్రీలు దాటితే మందమైనవి ప్రధానంగా ఉంటాయి. వేడి ఇంకా పెరిగితే స్ఫటికాలు పునఃస్ఫటికీకరణ చెంది పాత ఆధారం చెరిగిపోతుంది.

3. శిల ఎంపిక

ఖమ్మం జిల్లా మాదారంలో డోలమైట్ గని ఉంది. చూపునకు సున్నపురాయిని పోలినా, డోలమైట్‌లో పట్టీలు వేరే తలాలపై, సుమారు 300 డిగ్రీలకు పైబడిన వేడిలో ఏర్పడతాయి. కనుక తక్కువ వేడిలో కలిగిన ఒత్తిడిని అందులో వెదకడం వృథా. అలాగే బాగా రూపాంతరం చెందిన పాలరాయి చివరి ఘట్టాన్ని మాత్రమే చూపవచ్చు. తక్కువ రూపాంతరం పొందిన, ముతక కాల్సైట్ గల సున్నపురాయి ఈ పనికి అనుకూలం. నమూనాను తీసేముందు దానిపై ఉత్తర దిశనూ వాలునూ గుర్తించాలి. లేకుంటే కొలతలకు అర్థం ఉండదు.

4. ఏ ఘట్టపు ఒత్తిడి?

జంటపట్టీ దిశను చెబుతుంది, కాలాన్ని చెప్పదు. ఈ ప్రాంతంలో అసలు చిక్కు ఇదే. గోదావరికి ఉత్తరాన తూర్పు కనుమలలో ప్రధాన పర్వతనిర్మాణం సుమారు 100–90 కోట్ల ఏళ్ల నాటిది. కనుమలు ఈశాన్య–నైరుతి దిశలో సాగుతాయి గనుక, వాటికి లంబంగా వాయవ్య–ఆగ్నేయ సంపీడనాన్ని ఊహించవచ్చు. సుమారు 30 కోట్ల ఏళ్ల కిందటి నుంచి గోదావరి లోయ కుంగుతూ బొగ్గు పొరలకు చోటిచ్చింది. అలాంటి సాగుదలలో గరిష్ఠ సంపీడనం నిలువుగా ఉంటుంది. అందువల్ల రెండు ఘట్టాలూ భిన్నమైన ముద్రలు వేయాలి.

అయితే పొరలు మడత పడి ఉంటే ఈ భేదం తారుమారు కావచ్చు. ముందుగా పొరను గణితపరంగా సమతలానికి తిప్పి చూడాలి. మడతకు ఇరువైపుల నుంచి వచ్చిన దిశలు అప్పుడు ఏకమైతే, పట్టీలు మడతకు పూర్వం ఏర్పడినవని భావించవచ్చు. కుంగుబాటు భ్రంశాల వెంట నిండిన కాల్సైట్ సిరలను కూడా పోల్చాలి. మాతృశిలలో ఉండి సిరలో లేని పట్టీల సమూహం సిరకంటే పాతది కావడానికే అవకాశం ఎక్కువ.

5. ముగింపు

వాయవ్య–ఆగ్నేయ దిశ కనిపించినంత మాత్రాన దానిని తూర్పు కనుమలకు ఆపాదించడం తొందరపాటు. మడత పరీక్ష, సిరల పోలిక, పట్టీల మందం అనే మూడూ ఒకే నిర్ణయానికి దారితీసినప్పుడే ఆ ఆపాదన నిలుస్తుంది. అందుచేత ఈ పరిశోధన సూక్ష్మదర్శిని వద్ద కాక, క్షేత్రంలో శిలల పరస్పర సంబంధాలను నమోదు చేయడంతోనే ప్రారంభం కావాలి.