గాలపు దారము ఏల తెగును?

నారాయణఖేడ్ ప్రాంతపు రైతులకు చెరువుగట్టు, వాగుమడుగు కొత్తవి కావు. మంజీర నది మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండలలో పుట్టి, బీదరు మీదుగా సంగారెడ్డి జిల్లాకు వచ్చి, సింగూరు జలాశయమును నింపి, అక్కడినుండి నిజాంసాగరునకు పోవుచున్నది. నల్లవాగు ప్రాజెక్టు మన దాపుననే యున్నది. పత్తి, కంది పనులు తెరిపి యిచ్చిన దినములలో గాలము వేసి, ఒక పూట కూరకు చేప తెచ్చుకొనుట పలువురకు అలవాటు. గట్టుమీద తరచు వినబడు మాట ఒకటి గలదు: "పెద్ద చేప పడ్డది, దారం తెంపుకొని పోయింది."

నిజమునకు చేప బలము వలననే దారము తెగుట తక్కువ. దారము అంతకుముందే ఎక్కడనో ఒకచోట బలహీనపడి యుండును. చేప ఆ లోపమును బయటపెట్టును, అంతే. ఆ లోపము ఎక్కడ నున్నదో తెగిన కొనను చూచి తెలిసికొనవచ్చును.

దారము తెగిన నష్టము చేపతో పోదు. గాలము నోట గుచ్చుకొన్న చేప మేత తినలేక చావవచ్చును. నీట మిగిలిన నైలాన్ దారము కొంగల కాళ్లకు, బాతుల రెక్కలకు చుట్టుకొనును. ఎండాకాలమున నీరు వెనుకకు తగ్గి, చెరువు శిఖములో పశువులు మేయునపుడు, గడ్డితోపాటు దారమును గాలపు ముల్లును గేదె కడుపులోనికి పోవచ్చును. కనుక దారము తెగకుండ చూచుకొనుట కూరకే గాక పాడికిని మేలు.

గుండు కట్టిన గాలము

కొర్రమట్ట, వాలుగ, జెల్ల వంటి చేపలకు ఎర నీటి అడుగునకు చేరవలెను. అందులకై దారమునకు సీసపు గుండు కట్టుదురు. సీసము నీటికంటె 11 రెట్లకు మించి బరువైనది. కనుక నీట మునిగినపుడు తన బరువులో 11వ వంతుకంటె తక్కువే కోల్పోవును. రాయి అయినచో మూడవ వంతునకు పైగా కోల్పోవును. చిన్న సీసపు గుండు పెద్ద రాయి పని చేయుట ఇందుచేతనే.

అమెరికాలో బాస్ అను చేపను పట్టువారు కూడ గుండును దారముపై జారునట్లు కట్టి, నీటి మొక్కల నడుమ వేయుదురు. మన కొర్రమట్ట కూడ బాస్ వలెనే తుంగలో పొంచియుండి ఎరమీదికి ఉరుకును. అందుచేత అచ్చటి గాలములకు వచ్చు చిక్కులే ఇచ్చటను వచ్చుచున్నవి. గుండు ఎరను అడుగునకు చేర్చును గాని, దారమును రాచును, విసరునపుడు గుంజును, రాళ్ల సందున ఇరుకును.

తెగిన కొనను చూడుడు

దారము తెగిన వెంటనే మిగిలిన కొనను వెలుతురులో పట్టి చూడవలెను. వ్రేళ్ల నడుమ రాచి చూడవలెను.

1. కొన పంది తోకవలె మెలికలు తిరిగియున్నచో దారము తెగలేదు, ముడి జారినది.
2. సరిగా ముడి యున్నచోటనే తెగినచో ముడి వేసిన తీరులో లోపము.
3. కొన గరుకుగా, తెల్లబారి యున్నచో రాపిడి.
4. కత్తితో కోసినట్లున్నచో ఆల్చిప్ప, గాజుపెంకు, లేక చేప పన్ను.
5. కొన సాగి సన్నబడి యున్నచో తట్టుకొనదగిన దానికంటె ఎక్కువ లాగుడు పడినది.
6. మిగిలిన దారము కూడ చేతితో లాగగనే పుటుక్కున తెగుచున్నచో అది ఎండకు పాతబడినది.

ముడి

నైలాన్ 1935లో అమెరికాలో వాలెస్ కరోథర్స్ అను రసాయన శాస్త్రజ్ఞుని పరిశోధనలో తయారైనది. అంతకుముందు గాలములకు నూలు, పట్టు, నార దారములు వాడెడివారు. అవి గరుకైనవి, ఏ ముడి వేసినను నిలుచును. నైలాన్ నునుపైనది గనుక జారును. తాళ్లకు వేయు మామూలు ఒంటి ముడి నైలాన్ దారపు బలమును దాదాపు సగమునకు దింపును.

మంచి ముడి ఇట్లు వేయవలెను. దారపు కొనను గాలపు ముల్లు కంతలో దూర్చి, జానెడు బయటికి తీయవలెను. ఆ కొనను అసలు దారము చుట్టు 5 లేక 6 మెలికలు త్రిప్పవలెను. తరువాత కంత ప్రక్కన ఏర్పడిన చిన్న సందులో కొనను దూర్చి, అటుపై ఏర్పడిన పెద్ద సందులోనుండి మరల తీయవలెను. బిగించుటకు ముందు ముడిని నీటితో తడిపి, మెల్లగా లాగవలెను. పొడిగా ఒక్క గుంజున బిగించినచో రాపిడి వేడికి నైలాన్ చెడును. కంటికి కనబడకపోయినను ముడి అక్కడనే తెగును. బిగించిన పిదప కొనను ముడికి మరీ దగ్గరగా కోయక, గోధుమ గింజంత విడువవలెను.

రాపిడి

దారము మందము రెట్టింపైన బలము నాలుగు రెట్లగును. ఇదే లెక్క తిరుగవేసి చూచినచో, చుట్టును అరిగి మందములో నాలుగవ వంతు పోయిన దారము బలములో సగమునకు దగ్గరగా పోగొట్టుకొనును. కావున కొద్దిపాటి గరుకును కూడ తేలికగా తీసికొనరాదు.

రాపిడి మొదట గుండువద్దనే పుట్టును. పోతపోసిన గుండు రంధ్రపు అంచు పదునుగా నుండును. దానిని మేకు మొనతో త్రిప్పి నునుపు చేయవలెను. గుండు జారివచ్చి ముడిని కొట్టుచుండును గనుక, గుండునకు ముడికి నడుమ ఒక చిన్న పూస గ్రుచ్చవలెను. చీలిక గల చిన్న గుండ్లను పట్టకారుతో గట్టిగా నొక్కినచో దారము నలిగి చదునగును. జారకుండ నిలుచునంత వరకే నొక్కవలెను.

రెండవది అడుగు నేల. కట్ట రాతి పేర్పు, మునిగిన తుమ్మ మొద్దులు, ఆల్చిప్పలు దారమును కోయును. ఇట్టిచోట్ల చివరి ఒకటి రెండు బారల మేర లావు దారము అతుకవలెను. కొర్రమట్టకు, వాలుగకు పదునైన పండ్లు గలవు. వాటికై గాలపు ముల్లు పైన జానెడు సన్నని ఉక్కుతీగ వేయుట మంచిది.

మూడవది గాలపు కర్ర. కర్రకు ఉంగరములున్నచో వాటి లోపల కొంచెము దూది త్రిప్పి చూడవలెను. దూది చిక్కుకొన్నచోట ఉంగరము పగిలియున్నదని తెలియును.

విసరునపుడు తెగుట

కొందరికి గుండు గాలిలోనుండగనే దారము తెగిపోవును. 50 గ్రాముల గుండు ఊరకనే వ్రేలాడినపుడు లాగునది 50 గ్రాములే. గిరగిర త్రిప్పి విసరినపుడు ఆ లాగుడు అనేక రెట్లగును. పూర్తి బలముతో విసరువారు ప్రతి 30 గ్రాముల గుండునకు సుమారు 5 కిలోల లాగుడు తట్టుకొను దారము ఉండవలెనని లెక్క వేసికొందురు. దారమంతయు లావుది కానక్కరలేదు. విసరు సమయమున గుంజు తగులు చివరి రెండు మూడు బారలు మాత్రము లావుగా నున్న చాలును.

చేతితో విసరువారు దారమును గడ్డిమీద, కాళ్లచుట్టు కుప్పగా పోయరాదు. ఒక చుట్ట గడ్డిపరకకు తగులుకొన్నను, వేగముగా పోవుచున్న గుండు ఒక్కసారి ఆగి దారము తెగును. తెగిన గుండు ఎవరి కంటికైనను తగులవచ్చును. విసరునపుడు పిల్లలను వెనుక నిలుపరాదు.

ఎండ, నీరు, పాతబడుట

నైలాన్ నీటిని కొంత పీల్చుకొనును. తడిసినపుడు దాని బలము నూటికి 10 నుండి 15 పాళ్లు తగ్గును. ఆరిన తరువాత అది తిరిగి వచ్చును. ఎండవలన పోయిన బలము తిరిగి రాదు. గాలమును పెంకుటింటి చూరుకు ఎండలో వ్రేలాడదీయుట చూచుచున్నాము. అట్లు చేయక, నీడలో ఆరబెట్టి గుడ్డసంచిలో ఉంచవలెను.

బకెట్టుతో పరీక్ష

దారము బలము తెలియుటకు వేరే పరికరము అక్కరలేదు. దారపు పైకొనను నునుపైన దూలమునకు ముడి లేకుండ ఏడెనిమిది చుట్లు చుట్టి కట్టవలెను. క్రింది కొనకు, గాలమునకు వేయు ముడినే వేసి, ఒక ఖాళీ బకెట్టు పిడికి కట్టవలెను. బకెట్టు నేలకు నాలుగు వ్రేళ్ల ఎత్తున ఉండవలెను. లీటరు చెంబుతో మెల్లగా నీరు పోయవలెను. లీటరు నీరు ఒక కిలో. తెగువేళకు పోసిన లీటర్లకు బకెట్టు బరువు కలిపిన, అదే మీ దారపు బలము. ఇదే పరీక్షను కొత్త దారముతోను, పాత దారముతోను, ఒంటి ముడితోను, పైన చెప్పిన ముడితోను చేసి చూచినచో తేడా మీకే తెలియును.

రాళ్లలో ఇరుకుకొన్నచో

ఇరుకుకొన్న గాలమును గుంజరాదు. పది అడుగులు ప్రక్కకు నడిచి వేరొక దిక్కునుండి మెల్లగా లాగినచో చాలమారులు వదలును. వదలకున్న దారమును చేతికి చుట్టరాదు. నైలాన్ వ్రేళ్లను కోయును. కర్రముక్కకు చుట్టి, ముఖము ప్రక్కకు త్రిప్పి, నిదానముగా లాగవలెను.

రాళ్లు ఎక్కువగా నున్నచోట ఇంకొక ఉపాయము గలదు. గుండును అసలు దారమునకు గ్రుచ్చక, జానెడు సన్నని నూలు దారముతో ప్రక్కకు వ్రేలాడగట్టవలెను. గుండు ఇరుకుకొన్నచో నూలు మాత్రమే తెగి, గాలము, చేప దక్కును. ఇట్టి గాలమును బలముగా విసరరాదు.

మరువరాని జాగ్రత్తలు

సీసము విషము. గుండును పండ్లతో కొరికి బిగించరాదు. పిల్లలకు ఆటవస్తువుగా ఇయ్యరాదు. వంట పొయ్యిమీద, వంటపాత్రలలో సీసము కరిగించరాదు. గుండ్లను ముట్టిన చేతులను సబ్బుతో కడిగిన తరువాతనే అన్నము తినవలెను.

తెగిన దారపు ముక్కలను గట్టున విడువక ఇంటికి తేవలెను. అవి చాల ఏండ్లవరకు కుళ్లవు. కాల్చిన చెడు పొగ వచ్చును గనుక, చిన్న ముక్కలుగా కోసి పొడి చెత్తలో వేయవలెను.

చెరువు చేపలపై హక్కు చాలచోట్ల మత్స్యకారుల సహకార సంఘములకు ఉండును. చేప పిల్లలను వదలి పెంచినవారు వారే గనుక, వారి అనుమతి పొందిన తరువాతనే గాలము వేయవలెను. సింగూరునకు దిగువనున్న మంజీర అభయారణ్యములో చేపలు పట్టరాదు. అచ్చట మొసళ్లు కూడ గలవు.

గాలము వేయుటకు ముందు చివరి రెండు బారల దారమును వ్రేళ్ల నడుమ రాచి చూడుడు. గరుకు తగిలినచో అంతమేర కోసివేసి, ముడి తడిపి కొత్తగా వేయుడు. పెద్ద చేప పడిన తరువాత ఈ పని చేయుటకు వీలుండదు.