పక్కింటి పిల్లి మన మిద్దె మీదికి ఎందుకొస్తుంది?

మిద్దె తోట వేసినవాళ్ళకు బాగా తెలిసిన బాధ ఇది. సాయంత్రం టబ్బులో పాలకూర విత్తనాలు చల్లి నీళ్ళు పోసి దిగితే, తెల్లారేసరికి మట్టంతా తవ్వి ఉంటుంది, కింద పిల్లి పెంట. తోట లేని ఇంట్లో గోల ఇంకో రకం. వంటింటి కిటికీలోంచి దూరి పాలగిన్నె ఖాళీ చేయడం, గుమ్మం దగ్గర గండుపిల్లి ఉచ్చ కంపు, స్కూటర్ సీటు మీద గోళ్ళ గీతలు. పిల్లి పక్కింటివాళ్ళది కావడంతో కోపం ఇటు పిల్లి మీదికీ అటు మనుషుల మీదికీ పోతుంది. కర్ర, కారం, కలరా ఉండలు బయటికొస్తాయి. మన పాత ఇళ్ళల్లో ఇంతకంటే తెలివైన ఏర్పాటు ఉండేది. పాలు, పెరుగు, వెన్న ఉట్టి మీద పెట్టేవారు. పిల్లిని కొట్టడానికి ఎవరూ కాపలా కూర్చోలేదు, దూలానికి వేలాడదీసి కుండను దానికి అందకుండా చేశారు. వచ్చిన పని కాకపోతే పిల్లి రావడం తగ్గిస్తుంది. పక్కింటి పిల్లి విషయంలో ఈరోజుకీ నిలబడే పద్ధతి ఇదేనని నా గట్టి నమ్మకం.

రెండు దెబ్బలు పడితే మళ్ళీ రాదు కదా అని చాలామంది అంటారు. పిల్లి నేర్చుకునే తీరు తెలిస్తే ఈ మాట నిలవదు. కర్రతో తరిమితే అది నేర్చుకునేది ఈ ఇంటికి రాకూడదని కాదు, ఈ మనిషి ఉన్నప్పుడు రాకూడదని. పిల్లులు సందెవేళా తెల్లవారుజామునా బాగా చురుగ్గా తిరుగుతాయి. తెల్లవారుజామున కర్ర పట్టుకున్న మనిషి నిద్రలో ఉంటాడు. పైగా భయపడిన పిల్లి తన వాసన మరింతగా చల్లే అవకాశం ఉంది, కాబట్టి గుమ్మం దగ్గర కంపు తగ్గకపోగా పెరగవచ్చు. భయం ఏదైనా పనిచేయాలంటే అది మనిషితో సంబంధం లేకుండా, పిల్లి అడుగుపెట్టిన ప్రతిసారీ జరగాలి. అది మన చేతికర్రతో అయ్యే పని కాదు.

అందుకే ముందు అది దేనికోసం వస్తోందో చూడాలి. కుండీలో పెంట కనిపిస్తే కారణం మట్టే. తవ్వి, కప్పి పెట్టడం పిల్లి స్వభావం, దానికి పొడిగా, గుల్లగా ఉన్న నేల కావాలి. కొబ్బరి పొట్టూ వర్మీ కంపోస్టూ కలిపిన మిద్దె తోట మట్టి సరిగ్గా అలాంటిదే. సిమెంటు రోడ్లు, బండలు పరిచిన వాకిళ్ళు ఉన్న వీధిలో మెత్తటి మట్టి మీ టబ్బుల్లోనే ఉంటే పిల్లి ఇంకెక్కడికి పోతుంది? కాబట్టి ఖాళీ మట్టి కనపడకుండా చేయాలి. విత్తనాలు చల్లగానే టబ్బు మీద కోళ్ళ జాలీ ముక్క పరిచి అంచులు లోపలికి మడిస్తే మొక్కలు కన్నాల్లోంచి పైకొస్తాయి, పిల్లి పంజా మాత్రం దిగదు. పెద్ద మొక్కల మొదళ్ళలో గులకరాళ్ళు, కొబ్బరి పీచు, పెంకు ముక్కలు పరవవచ్చు. తులసికోటలో కూడా మొక్క చుట్టూ నాలుగు నున్నటి రాళ్ళు పెడితే చాలు. మట్టిని తడిగా ఉంచడం కూడా ఉపయోగమే. నిమ్మ, కమలా తొక్కలు వేయమని అందరూ చెబుతారు. ఆ వాసన చాలా పిల్లులకు గిట్టదు కానీ తొక్క ఎండగానే వాసన పోతుంది, రోజూ మార్చే ఓపిక ఉంటేనే ఆ పని పెట్టుకోవాలి. జాలీకి ఆ బెడద లేదు.

వాసన సంగతి ఇంకాస్త లోతుగా చూడాలి. పిల్లి ఉచ్చలో ఫెలినిన్ అనే పదార్థం ఉంటుంది, గండుపిల్లుల్లో ఎక్కువ. అది క్రమంగా విరిగి గంధకం ఉన్న ఘాటైన వాసనలుగా మారుతుంది. దాంతోపాటు ఉండే యూరిక్ ఆమ్లం నీళ్ళలో సరిగా కరగదు. మనం కడిగేశామనుకుంటాం, మన ముక్కుకు తెలియదు కూడా, పిల్లికి మాత్రం అక్కడ తన గుర్తు ఇంకా తెలుస్తుంది. అది మాసిపోతోందనిపిస్తే మళ్ళీ కొత్తగా వేసి పోతుంది. అమ్మోనియా ఉన్న ద్రావణాలతో కడిగితే ఉచ్చ వాసనే మరికొంత కలిపినట్టవుతుంది. బ్లీచింగ్ పౌడరు చల్లితే అది ఉచ్చలోని అమ్మోనియాతో కలిసి ఊపిరితిత్తులకు హాని చేసే వాయువును పుట్టిస్తుంది. సబ్బు నీళ్ళతో కడిగి, పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరికే ఎంజైమ్ ద్రావణం పోసి, దానంతట అదే ఆరనివ్వాలి.

ఇక ఫినాయిలు, కలరా ఉండలు. ఇవి ప్రమాదం లేనివని, వాసనకే పిల్లి పోతుందని అనుకుని వాడేవాళ్ళు మంచి ఉద్దేశంతోనే వాడతారు. కానీ ఫినాల్ జాతి పదార్థాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. ఒక్క పారాసెటమాల్ మాత్ర దాని ప్రాణం తీయగలిగేది ఇందువల్లే. నల్ల ఫినాయిలు పోసిన నేల మీద నడిచి, తరవాత కాళ్ళు నాక్కుంటే ఆ విషం కడుపులోకి పోతుంది. కలరా ఉండల్లోని నాఫ్తలీన్ పిల్లికే కాదు, జి6పిడి అనే ఎంజైమ్ లోపం ఉన్న పసిపిల్లలకూ ఎర్ర రక్తకణాలు పగిలిపోయేలా చేస్తుంది. కారం చల్లితే అది పంజాలకంటి, ముఖం తుడుచుకునేటప్పుడు కళ్ళలోకి చేరుతుంది. ఒక జీవిని గంటల తరబడి మండించే పనిని చిట్కా అనడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

మనిషికి వినిపించని శబ్దంతో పిల్లిని వెళ్ళగొట్టే పరికరాలు కూడా వచ్చాయి. మన చెవి 20 వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే పిల్లిది 60 వేలు దాటిపోతుంది. బ్రిటన్ తోటల్లో వీటిని పరీక్షించిన ఒక అధ్యయనం 2006లో వెలువడింది. రెండు ప్రయోగాలు చేస్తే ఒకదాంట్లో పిల్లుల రాక సుమారు 32 శాతం తగ్గింది, ఇంకోదాంట్లో తేడా కనపడలేదు. వచ్చినవి ఉండే సమయం మాత్రం ఒకదాంట్లో 38 శాతం, మరొకదాంట్లో 22 శాతం తగ్గింది. అంటే సాయానికి పనికొస్తుంది, దాని మీదే ఆధారపడలేం.

గోనెసంచిలో వేసి ఊరవతల వదిలేస్తే పీడ పోతుందనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పెంచేవాళ్ళున్న పిల్లిని అలా తీసుకుపోవడం ఒకరి సొత్తును మాయం చేయడమే. తెలియని చోట దానికి తిండీ చోటూ దొరకవు. ఇక్కడేమో తిండి, మట్టి అలాగే ఉంటే వీధిలో ఇంకో పిల్లి ఆ జాగాలోకి వస్తుంది. విషం పెట్టడం, గాయపరచడం నేరుగా నేరం. జంతుహింస నిరోధక చట్టం 1960 నుంచీ ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద జంతువును చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా ఐదేళ్ళ దాకా జైలు పడవచ్చు.

పిల్లి వాళ్ళది, జాలీ ఖర్చు నాదా అని అడగడం న్యాయమే. కాదు, సగం పని పక్కింటివాళ్ళదే. అయితే ఆ మాట వాళ్ళకు చేరే తీరు ముఖ్యం. "మీ పిల్లిని అదుపులో పెట్టుకోండి" అంటే తగవు. "వదినా, మా టబ్బుల్లో ఆకుకూరలు పోతున్నాయి, మీ మిద్దె మీద ఒక మూల తొట్టిలో ఇసుక పోసి పెడతారా, దానికి అక్కడే అలవాటవుతుంది" అంటే అడిగింది చేయదగ్గ పని. రోజూ ఆ ఇసుకలోంచి పెంట తీసేయమని కూడా చెప్పాలి. ఇంట్లో గర్భిణి ఉంటే ఇది మరీ అవసరం. పిల్లి పెంటలో టాక్సోప్లాస్మా క్రిమి ఉన్నా, అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది, ఏ రోజుకారోజు తీసేస్తే ఆ ముప్పు చాలావరకు తప్పుతుంది. రెండో కోరిక ఆపరేషన్. పశువైద్యుడి దగ్గర గండుపిల్లికి విత్తులు తీయిస్తే పదింట తొమ్మిదింటిలో ఉచ్చ చిమ్మే అలవాటు తగ్గుతుంది, రాత్రి పోట్లాటలూ తగ్గుతాయి. ఆడపిల్లికి ఐదారు నెలలకే ఎద వస్తుంది, తొమ్మిది వారాల్లో ఈనుతుంది. మాట ఆలస్యమైతే ఆ మిద్దె మీద తిరిగేది ఒక్క పిల్లి కాదు, నాలుగైదు కూనలతో సహా. కాబట్టి ఆ సంభాషణ ఈ వారమే జరగడం మంచిది, కిటికీకి జాలీ కొట్టించడం కూడా.