రాయిని కట్టే నాచు

పగడం అనే మాట తెలుగువారికి కొత్తది కాదు. ముత్తైదువ మెడలో నల్లపూసల నడుమ మెరిసే ఎర్రపూస పగడం. నవరత్నాలలో కుజునికి చెప్పిన రత్నం పగడం. నాయిక పెదవికి మన ప్రబంధకవులు మళ్లీ మళ్లీ తెచ్చిన ఉపమానమూ పగడమే. ఇంత పరిచయమున్నా, ఆ నగల పగడం మన సముద్రంలో పుట్టినది కాదన్న సంగతి తలచేవారు తక్కువ. అది ప్రధానంగా మధ్యధరా సముద్రపు సొత్తు. రోమనులు ముత్యాలకు ఎంత విలువ ఇస్తారో భారతీయులు పగడానికి అంత విలువ ఇస్తారని క్రీస్తుశకం మొదటి శతాబ్దిలోనే ప్లినీ వ్రాసినాడు.

ఆ పగడం నీడలో, మన భాషలో పేరైనా లేకుండా బ్రతికే ప్రాణి మరొకటి ఉన్నది. నేటి ప్రసంగం దానిని గురించి.

తెలుగులో నాచు అన్నా, పాచి అన్నా గౌరవమైన మాటలు కావు. నాచు పట్టిన మెట్టు మీద కాలు జారుతుంది. పాచి పట్టిన నీరు త్రాగరాదు. ఇంట గాజు తొట్టెలో చేపలు పెంచుకొనేవారికి సైతం నాచు శత్రువే. వారానికొకసారి దానిని తుడిచిపారవేయడమే వారి పని. కాని సముద్రజలంతో తొట్టె అమర్చుకొన్నవారు ఒక్క నాచును మాత్రం కోరి తెచ్చుకొంటారు. నెలల తరబడి దానికోసం కనిపెట్టుకొని ఉంటారు. రాతి మీద గులాబి రంగు చుక్క ఒకటి కనబడిన నాడు ఇంటిల్లిపాదినీ పిలిచి చూపుతారు. ఇంగ్లీషువారు దానిని కోరలైన్ ఆల్గే అంటారు. ఈ వ్యాసం వరకు మనం పగడనాచు అందాము.

గచ్చుపని చేసే మొక్క

పగడనాచును తొలిసారి చూచినవారు మొక్క అనుకోరు. ఆకు లేదు, కాడ లేదు, మెత్తదనం లేదు. రాతికి ఎవరో గులాబి రంగో, ఊదా రంగో పూసినట్లుంటుంది. గోటితో గీకితే రాదు. ఇది ఒక రకం. రెండవ రకం చిన్న చిన్న కొమ్మలుగా లేస్తుంది. ఆ కొమ్మలలో గట్టి కణుపులు, కణుపుకూ కణుపుకూ నడుమ మెత్తని కీళ్లు ఉంటాయి. కీళ్లున్నందువల్లనే అల తగిలినప్పుడు వంగుతుంది, విరగదు.

రెండు రకాలూ ఎర్ర శైవలాల జాతికి చెందినవే. ఎండను గ్రహించి ఆహారం చేసుకొంటూనే, సముద్రజలంలో కరిగి ఉన్న సున్నపు పదార్థాన్ని తీసి తమ కణాల గోడలలో కూర్చుకొంటాయి. ఆ కూర్పులో మెగ్నీషియం పాలు హెచ్చు. వాటిలోని ఎర్రని వర్ణకం లోతునీటికి చేరే నీలపు వెలుగును సైతం వాడుకోగలదు. 1984లో బహామా దీవుల ప్రాంతంలో 268 మీటర్ల లోతున ఈ జాతి నాచు సజీవంగా కనబడినది. అంత లోతున కిరణమాత్రపు వెలుగుతో మొక్క బ్రతకగలదని అంతకుముందు ఎవరూ అనుకోలేదు.

దీని పనిని అర్థం చేసుకొనేందుకు హైదరాబాదువారు దూరం పోనక్కరలేదు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ పక్కన, శాసనసభ ఆవరణలో 1913లో పూర్తయిన పాత టౌన్‌హాలును చూడవచ్చు. ఆబిడ్స్ నుంచి నాలుగడుగులు వేస్తే 1935 నాటి మొజంజాహీ మార్కెట్టు నల్లరాతి కమానులు కనబడతాయి. రాయి ఎంత గట్టిదైనా రాయిని రాయికి పట్టి ఉంచేది మరొకటి ఉండాలి. మన పూర్వపు మేస్త్రీలకు అది డంగుసున్నం. పగడపు దిబ్బలో ఆ డంగుసున్నం ఈ నాచే. పగడపు జీవులు గూళ్లు కడతాయి. తుఫానులకు ఆ గూళ్లు విరిగి ముక్కలవుతాయి. పగడనాచు ఆ ముక్కల మీదుగా ప్రాకి, వాటిని ఒక్క శిలగా బంధిస్తుంది. 1836లో కీలింగ్ దీవులను దర్శించిన డార్విన్, అలలు భీకరంగా విరుచుకుపడే దిబ్బ అంచున ఈ నాచే గట్టుగా నిలిచి ఉండటం గమనించి, 1842లో పగడపు దిబ్బలపై వ్రాసిన గ్రంథంలో ఆ సంగతి వివరించినాడు.

ఇంకొక ఉపకారం కూడ ఉన్నది. పగడపు జీవి పిల్లదశలో, కంటికి ఆననంత చిన్నదై, నీటిలో ఈదుతూ ఉంటుంది. ఒకసారి ఒక చోట అతుక్కొన్నదంటే బ్రతుకంతా అక్కడనే. కనుక చోటు ఎంచుకొనడంలో తప్పటడుగు పనికిరాదు. ఎన్నో జాతుల పిల్లలు పగడనాచు కప్పిన రాతినే వెదకి దిగుతాయి. ఆ నాచులోని పదార్థాలూ, దానిపై నివసించే సూక్ష్మజీవులు విడిచే పదార్థాలూ వాటికి ఆనవాళ్లని పరిశోధకులు తేల్చినారు.

జంతువా, మొక్కా?

ఈ జాతి చరిత్రలో ఒక విచిత్రం ఉన్నది. ప్రాచీనులు పగడాన్ని మొక్క అనుకొన్నారు. 18వ శతాబ్ది తొలిభాగంలో పెయ్సొనెల్ అనే ఫ్రెంచి వైద్యుడు అది జంతువని కనిపెట్టినాడు. ఆ కొత్త వెలుగులో పండితులు మరీ ముందుకు పోయి, పగడంవలె కనబడిన ప్రతిదానినీ జంతువుల పట్టీలో చేర్చినారు. లండనులో వర్తకం చేస్తూ ప్రకృతిశాస్త్రం సాగించిన జాన్ ఎల్లిస్ 1755లో ప్రకటించిన గ్రంథంలో పగడనాచును జంతువన్నాడు. మహామహుడైన లిన్నేయసు కూడ అట్లే వర్గీకరించినాడు. ఆ నాచు మొక్కేనని 1837లో ఫిలిప్పి అనే జర్మను శాస్త్రజ్ఞుడు నిరూపించినాడు. మొక్క అనుకొన్నది జంతువైనది. జంతువనుకొన్నది మొక్క అయినది. విద్యార్థులు ఈ కథను గుర్తుంచుకొనదగును. పెద్దల మాట ప్రమాణమే అయినా, సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూచిన తరువాతనే అది శాస్త్రమవుతుంది.

మన తీరంలో

గోదావరి, కృష్ణ మొదలైన నదులు మోసుకొచ్చే ఒండ్రు, మంచినీరు కారణంగా ఆంధ్రతీరంలో లక్షదీవులలో వలె, అండమానులో వలె పెద్ద పగడపు దిబ్బలు ఏర్పడలేదు. కాని పగడనాచుకు కొదువ లేదు. విశాఖపట్నం సముద్రతీరపు రాళ్ల మీద, పోటు పాటుల నడుమ పెరిగే శైవలాలను ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు గారలు పరిశీలించి, 1964లో ఇంగ్లండులోని జర్నల్ ఆఫ్ ఎకాలజీ పత్రికలో ప్రకటించినారు. ఏ శైవలం ఏ ఎత్తున పెరుగుతుంది, ఏ ఋతువులో హెచ్చుతుంది అన్న సంగతులు విశాఖ అలల ఒడ్డున నిలిచి తెలుగువారే లెక్క కట్టినారన్నమాట. కణుపుల పగడనాచులో ఆంఫిరోవా అనే జాతి ఆ తీరంలో దొరుకుతుంది.

ఇందులో తొట్టె పెంచేవారు నేర్చుకొనవలసిన పాఠం ఒకటున్నది. విశాఖ ఒడ్డున ఉన్నది కొండరాయే గాని పగడపు రాయి కాదు. అయినా నాచు దానిపై చక్కగా పెరుగుతున్నది. అంటే ఈ నాచుకు పగడపు రాయే కావాలన్న నియమం లేదు. గట్టి ఆధారమైతే చాలును. ఈ మాట మళ్లీ అవసరమవుతుంది.

నాంపల్లి మేడలో సముద్రం

హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న ఊరు. ఒకనాడు గోల్కొండకు రేవైన బందరు ఇక్కడికి మూడు వందల కిలోమీటర్లకు మించిన దూరం. అటువంటి చోట, నాంపల్లిలోనో ఆబిడ్స్‌లోనో ఒక మేడగదిలో సముద్రాన్ని నిలపడమంటే ప్రతి చెంబు నీటినీ తయారు చేసుకొనడమే. వడపోసి లవణాలు తీసిన ఆర్.ఓ. నీటిలో, ఇందుకోసమే అమ్మే సముద్రలవణాన్ని లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున కలుపుతారు. వంటయింటి ఉప్పు పనికిరాదు. అందులో ఉన్నది సోడియం క్లోరైడు ఒక్కటే, నాచుకు కావలసిన సున్నమూ మెగ్నీషియమూ లేవు.

పిదప చూచుకొనవలసినవి నాలుగు. లీటరు నీటిలో కాల్షియం 400 నుంచి 450 మిల్లీగ్రాములు ఉండవలెను. మెగ్నీషియం 1250 నుంచి 1350 వరకు ఉండవలెను. ఇది తగ్గితే కాల్షియం నాచుకు అందకముందే తనంతట తాను గడ్డకట్టి అడుగున పడుతుంది. క్షారత జర్మను కొలమానంలో 8 నుంచి 11 డిగ్రీలు ఉంటే మంచిది. వేడి 24 నుంచి 27 డిగ్రీల సెంటిగ్రేడు దాటరాదు. వీటిలో మన ఊరివారికి కష్టమైనది చివరిది. మే నెలలో బయట 40 డిగ్రీలు దాటినప్పుడు తొట్టెనీటి మీద పంకా వేసి ఉంచుతారు. దానివల్ల నీరు చల్లబడుతుంది గాని ఆవిరై తరుగుతుంది. ఉప్పు ఆవిరి కాదు. కనుక తరిగిన మేరకు మంచి ఆర్.ఓ. నీరే పోయవలెను, ఉప్పునీరు పోయరాదు.

ఆ పోసే నీటినే మందుగా వాడే ఉపాయం ఉన్నది. అది మన పాఠశాల ప్రయోగశాలలోని సున్నపుతేట. లీటరు నీటికి ఒకటిన్నర గ్రాముల శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడు కలిపి, తేరిన తరువాత పై తేటను మాత్రం చుక్కచుక్కగా తొట్టెలోకి విడుస్తారు. దీనితో కాల్షియమూ, క్షారతా రెండూ నిలుస్తాయి. రాత్రివేళ మొక్కలు బొగ్గుపులుసు వాయువును వాడుకోవు గనుక నీటిలో ఆమ్లత కొంచెం హెచ్చుతుంది. సున్నపుతేటను రాత్రి విడిస్తే ఆ లోటు కూడ తీరుతుంది. అయితే అది తీవ్రమైన క్షారం. కంటికి, చేతికి తగలనీయరాదు. ఒక్కసారి కుమ్మరిస్తే చేపలు చస్తాయి. తాంబూలపు సున్నం వాడవచ్చునా అని అడిగేవారుంటారు. అందులో ఏమేమి కలుపుతారో మనకు తెలియదు; వాడకపోవడమే మేలు.

ఇక విత్తనం. ఇదివరకే తొట్టె ఉన్న మిత్రుని వద్ద నాచు పట్టిన నత్తగుల్లనో, చిన్న రాతిముక్కనో అడిగి తెచ్చుకొంటే చాలును. దానిని నీటి ఒరవడిలో ఉంచి, పైపొరను కొంచెం గీకితే బీజాలూ, తునకలూ తొట్టె అంతటా చేరుతాయి. తరువాత చేయవలసినది వేచి ఉండడమే. కొన్ని వారాలకు చుక్కలు, కొన్ని నెలలకు పట్టలు. లవణాలను ఒకనాడు హెచ్చుగా, ఒకనాడు తక్కువగా పోసేవారి తొట్టెలో రాళ్లు తెల్లగానే ఉండిపోతాయి. ప్రతిదినం ఒకే కొలత పాటించేవారి తొట్టెలో అవే రాళ్లు గులాబి వన్నె తేలుతాయి. వెలుగు మరీ తీవ్రమైతే నాచు పాలిపోతుంది. నీటిలో ఫాస్ఫేటు హెచ్చితే పచ్చపాచి పైకి ప్రాకి దీనిని కప్పివేస్తుంది. పచ్చపాచిని మేసే నత్తలు దీనికి మిత్రులు. సముద్రపు ముళ్లకాయ అని చెప్పదగిన అర్చిన్ మాత్రం పగడనాచునే గీకి తింటుంది.

పెరిగిన తరువాత

కోరి పెంచిన నాచు ఒకనాటికి అద్దాన్ని కప్పి, చేపలు కనబడనీయదు. నీటియంత్రంలో చేరి దాని తిరుగుడును ఆపుతుంది. అద్దమైతే ఉక్కు బ్లేడుతోను, అక్రిలిక్ అయితే ప్లాస్టిక్ గీకుడుతోను తీయవలెను. యంత్రాన్ని విప్పి, తెల్ల వెనిగరులోనో, నిమ్మఉప్పు కలిపిన నీటిలోనో నానబెడితే పొర బుడగలు విడుస్తూ కరుగుతుంది. పెరుగుదల హెచ్చినకొద్దీ కాల్షియం ఖర్చు హెచ్చుతుంది గనుక వారానికొకసారి నీటిని పరీక్షించక తప్పదు.

ఆ బుడగలలో ఒక పెద్ద పాఠం దాగి ఉన్నది. ఉపాధ్యాయులు గుడ్డుపెంకును వెనిగరులో వేసి పిల్లలకు చూపవచ్చు. సుద్దముక్క వేసి చూపబోతే నిరాశపడతారు. నేటి సుద్దముక్క సాధారణంగా జిప్సంతో చేసినది, అది పొంగదు. పొయ్యిలలో, యంత్రాలలో మనం కాల్చే బొగ్గు, నూనెల వాయువులో ఒక పాలు సముద్రం పీల్చుకొంటున్నది. పారిశ్రామిక యుగానికి ముందు సుమారు 8.2గా ఉన్న సముద్రోపరితలపు పి.హెచ్. నేడు సుమారు 8.1కి దిగినది. అంకె చిన్నది, కాని ఆ కొలమానంలో అది ఆమ్లకణాలు నాలుగింట ఒక వంతుకు పైగా పెరిగినట్లు లెక్క. సున్నపు రకాలలో మెగ్నీషియం హెచ్చుగా ఉన్నదే తొందరగా కరుగుతుంది. అనగా పులిసిన సముద్రంలో ముందుగా దెబ్బతినేది ఈ మేస్త్రీయే. గచ్చు రాలితే గోడ ఎంతకాలం నిలుస్తుంది?

దిబ్బను పగులగొట్టని విద్య

అటువంటప్పుడు వినోదం కోసం మనమే దిబ్బను పగులగొట్టడం న్యాయమా? వేగంగా గులాబి వన్నె కావాలనుకొనేవారికి లైవ్ రాక్ పేరిట సముద్రంలో నుంచి తీసిన పగడపు రాయి అమ్మజూపేవారు ఉంటారు. మన్నారు సింధుశాఖలో ఒకప్పుడు సున్నానికై పగడపు రాయిని తవ్వి దిబ్బలను పాడుచేసినారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో 2001లో పగడాలను చేర్చినారు; పులికి ఇచ్చిన రక్షణనే పగడానికీ ఇచ్చినారన్నమాట. చట్టం మాట అట్లుంచినా, విశాఖ రాళ్లు చెప్పిన పాఠం మనకున్నది. శుభ్రమైన మామూలు రాయి, కాల్చిన పింగాణి ముక్క, మిత్రుడిచ్చిన నత్తగుల్ల, వీటికి తోడు ఓర్పు ఉంటే ఆ వన్నె ఇంటనే పుడుతుంది. తొందరపాటుకు మూల్యం మాత్రం సముద్రం చెల్లించవలసి వస్తుంది.

ఇంటింటా ఇటువంటి తొట్టె పెట్టడం సాధ్యం కాదు. ఖర్చు హెచ్చు, శ్రమ హెచ్చు. కాని ఊరికి ఒకటైనా, పిల్లలు చేరే చోట ఉండడం ఉచితం. పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్ వంటి చోట, ఒక్క గాజు తొట్టె, దాని పక్క తెలుగులో వ్రాసిన ఒక్క పలక ఉంటే, సముద్రం ఎన్నడూ చూడని పిల్లవాడు సముద్రం ఎట్లు కట్టబడుతున్నదో చూస్తాడు. ఆ పలక మీద ఏ పేరు వ్రాయాలో మన శాస్త్రోపాధ్యాయులూ, భాషోపాధ్యాయులూ కలిసి నిర్ణయింతురు గాక. పగడనాచు అన్న మాట నచ్చకపోతే సున్నపునాచు అనవచ్చు, రాతినాచు అనవచ్చు. ఏ పేరైనా సరే, పిల్లల నోట నలిగితే చాలును. పేరు లేనిదానిని పోగొట్టుకొన్నా పోయినట్లు మనకు తెలియదు.